అడుగులతో అల్లిన జడ

ఓట్లు దగ్గర పడ్డాయని మా ఊరి తుపాను షెల్టరుకు సున్నం వేయించాలని పంచాయతీ వాళ్ళు అనుకున్నారు. ఆ షెల్టరు కింద, దూలానికున్న ఇనప కొక్కేనికి, మా కోలాటం జడ వేలాడుతూ ఉంది. అల్లి, విప్పకుండా వదిలేసిన జడ. అందులో ఎనిమిది గుడ్డ పాయలు. వాటిలో ఒకటి చనిపోయిన పిల్లది. ఆ పాయ తెగకుండా తన చేతికి రావాలని దాని తల్లి నన్ను అడిగింది. సున్నం వేసేవాళ్ళు వచ్చి కొడవలితో కోసి పారేసేలోగా ఆ పని జరుగుతుందా, జరగదా అన్నదొక్కటే ఆ రోజుల్లో నా బెంగ.

ఒక చీర పేలిక కోసం ఇంత బెంగేమిటని అనిపించవచ్చు. అది తెలియాలంటే మొదటినుంచీ చెప్పాలి.

మాది దివిసీమలో బస్సు ఆగిపోయే ఊరు. అక్కణ్ణుంచి ఇంకా కిందికి వెళ్తే రొయ్యల చెరువులు, ఆ తర్వాత మడ అడవి, ఆ తర్వాత సముద్రం. ఉప్పెన వచ్చి పోయాక కట్టిన షెల్టరు ఊరి చివర ఉండేది. లావుపాటి స్తంభాలు, వాటి మీద గదులు, కింద అంతా ఖాళీ. తుపాను అన్నప్పుడు ఊరంతా పైకెక్కేది. మిగతా రోజుల్లో కింద గేదెలు, ధాన్యం బస్తాలు, పేకాడేవాళ్ళు.

నేను కూలికి వెళ్ళే మనిషిని. నాట్లు, కలుపు, కోతలు. నా చిన్నవయసులోనే భర్త పోయాడు. పిల్లలు లేరు. యాభై ఏళ్ళు దగ్గర పడేదాకా నాకు అక్షరం ముక్క రాదు. ఊళ్ళో రాత్రి బడి పెట్టినప్పుడు నాలుగు రోజులు వెళ్ళాను గానీ, పగలంతా వంగి నాట్లు వేసిన మనిషికి లాంతరు ముందు కూర్చోగానే నిద్ర ముంచుకొచ్చేది. మా అమ్మ దగ్గర నుంచి నాకు వచ్చింది ఒక్క జడ కోలాటమే.

చూడనివాళ్ళ కోసం చెప్తాను. పైన కొక్కేనికి ఎనిమిది పొడుగాటి గుడ్డ పాయలు కడతాం. కింద ఎనిమిది మంది గుండ్రంగా నిలబడి ఎడమచేత్తో పాయ, కుడిచేత్తో కర్ర పట్టుకుంటారు. పాటకు అడుగేస్తూ నలుగురు ఇటు, నలుగురు అటు తిరుగుతారు. ఎదురొచ్చిన మొదటి మనిషిని లోపలి వైపు నుంచి, రెండో మనిషిని బయటి వైపు నుంచి దాటుకుంటూ పోవాలి. అలా తిరుగుతుంటే పైన పాయలు అల్లుకుని జడ కిందికి దిగుతుంది. తర్వాత వెనక్కి తిరిగి అవే అడుగులు తిరగేసి వేస్తే జడ విడిపోతుంది. అల్లడం కంటే విప్పడం కష్టం. ఒక్కరు తప్పినా చిక్కు పడిపోతుంది. అడుగులతో అల్లినదాన్ని అడుగులతోనే విప్పాలి, చేత్తో ముట్టకూడదు అనేది మా అమ్మ పెట్టిన నియమం. ఆమెకు వాళ్ళమ్మ పెట్టింది. ఇంకొక పద్ధతి కూడా ఉంది. పాయలు బజార్లో కొనం. ప్రతి పిల్లా వాళ్ళమ్మ పాత చీరను నిలువునా చించి తన పాయ తనే తెచ్చుకుంటుంది. ఎవరి రంగు వాళ్ళకు తెలుస్తుంది.

రొయ్యల చెరువులకు జబ్బు తగిలి ఊరంతా చితికిపోయిన రోజులవి. ఏ ఇంట్లో చూసినా తగువులు. సాయంత్రమైతే ఆడపిల్లలు ఇళ్ళలో ఉండలేక షెల్టరు మెట్ల మీద చేరేవాళ్ళు. బడికి వెళ్ళేవాళ్ళూ ఉండేవాళ్ళు, మానేసినవాళ్ళూ ఉండేవాళ్ళు. ఒకనాడు గడ్డిమోపు దించుకుని నేనూ అక్కడ కూర్చున్నాను. ఊరికే రెండు పుల్లలు తీసుకుని తాళం వేశాను. ఒక పిల్ల దగ్గరికొచ్చింది. మర్నాడు నలుగురు. పదిహేను రోజులు తిరిగేసరికి పైన కొక్కేనికి తుప్పు గీకడం, పేడ ఎత్తి నేల ఊడవడం అన్నీ వాళ్ళే చేస్తున్నారు.

నాట్లు వేసేటప్పుడు వరసలో ఆడవాళ్ళు ఊరుకుంటారా?

“ఆళ్ళ పిల్లల్ని నువ్వు ఆడిస్తే నీకేమొచ్చిద్దే?” అంది ఒకావిడ.

“కాళ్ళ నొప్పులు,” అన్నాను.

ఆ పిల్లల్లో ఒక పిల్ల ఎనిమిదో తరగతి చదివేది. బక్కగా ఉండేది, నోరు మాత్రం ఒక్క క్షణం ఆగేది కాదు. దాని తల్లి నాతో కూలికి వచ్చే మనిషే. నన్ను అక్కా అని పిలిచేది, కాబట్టి ఆ పిల్లకు నేను పెద్దమ్మను. ఆ పిల్ల వల్ల మిగతా అందరికీ పెద్దమ్మనే అయ్యాను. పాయలు తెమ్మన్న రోజు అది మావిడాకు రంగు గుడ్డ ఒకటి పట్టుకొచ్చింది.

“ఇది మా అమ్మ నాకు ఉయ్యాల కట్టిన చీర పెద్దమ్మా. చేలగట్టు మీద తుమ్మచెట్టుకి కట్టేదంట. నేనేడిస్తే గట్టు మీద ఎవరుంటే ఆళ్ళు ఊపేవాళ్ళంట. నువ్వూ ఊపావంటగా?”

“ఊపాను. అప్పుడూ నోరు మూసేదానివి కాదు.”

ఆ చీరలో మిగిలింది అంతే. మిగతాదంతా ఏనాడో మసిగుడ్డలైపోయింది.

మా ఆట బడి మాస్టారు చూశారు. చలికాలంలో గుడివాడలో పిల్లల సభ జరుగుతుందని, మీ వాళ్ళను తీసుకురండని చెప్పారు. పిల్లలు ఎగిరి గంతేశారు. సభ కోసం కాదు, రైలు కోసం. దివిసీమలో రైలు పట్టా లేదు. అవనిగడ్డ వెళ్ళి, అక్కణ్ణుంచి బందరు వెళ్తే అక్కడ గుడివాడ రైలు ఎక్కవచ్చు. ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ రైలు చూసి ఎరగరు. నిజం చెప్పాలంటే నేనూ ఎక్కి ఎరగను.

తల్లులు ఒప్పుకోలేదు. ఎదిగిన ఆడపిల్లల్ని అంత దూరం ఎవరు తీసుకెళ్తారని అడిగారు. నేను తీసుకెళ్తానన్నాను.

“నువ్వా? బస్సు మీద ఏం రాసుందో తెలీని దానివి. గుడివాడని చెప్పి ఏలూరులో దించుతావు,” అని ఒకావిడ అంటే అందరూ నవ్వారు. అందులో తప్పేమీ లేదు, ఉన్నమాటే అంది.

ఆ బక్క పిల్ల మాత్రం నవ్వలేదు. “పెద్దమ్మకి చదవటం వస్తే పంపిస్తారా?” అని అడిగింది.

“ఆ, ఈ వయసులో దానికి చదువొస్తే పంపిస్తాంలే.”

“ఈ మాట మీద ఉండండి,” అంది పిల్ల.

మర్నాటి నుంచి ఆట అయిపోయాక నన్ను ఒక స్తంభం ముందు కూర్చోబెట్టి, బడి నుంచి తెచ్చిన సుద్దముక్కతో దాని మీద రాయడం మొదలుపెట్టింది. అ ఆలు తర్వాత చూద్దాం, ముందు బస్సు చూద్దాం అంది. అలా నా జీవితంలో నేను రాసిన మొదటి మాట అవనిగడ్డ. ఆ స్తంభం మీద ఎన్ని అవనిగడ్డలు రాశానో. నా పట్టుకు సుద్దముక్క విరిగిపోయేది.

“అది నారుకట్ట కాదు పెద్దమ్మా, అట్టా పిసక్కు!”

తప్పు రాస్తే చెరిపేసేది. సరిగ్గా రాస్తే ఏమీ అనేది కాదు, తర్వాతి మాటకు వెళ్ళేది. ఒక్కోసారి ఇంటికెళ్ళాక అన్నం కలుపుతూ కంచంలో వేలితో రాసుకునేదాన్ని. ఎవరైనా చూస్తారేమోనని గబగబా కలిపేసేదాన్ని.

కొన్నాళ్ళకు నన్ను పరీక్షకు పంపింది. ఒంటరిగా బందరు వెళ్ళి రావాలి. ఎవర్నీ ఏ బస్సని అడక్కూడదు. తల్లులందరికీ ఆ సంగతి ముందే చాటింది. నేను మా ఊరి బస్సులో అవనిగడ్డ దిగి, స్టాండులో నిలబడ్డాను. బందరు అనే మాట స్తంభం మీద రాసి రాసి కంఠతా వచ్చింది. వచ్చిన ప్రతి బస్సు నొసలూ చదువుతున్నాను. బందరు అని ఒక్కదాని మీదా లేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. పక్కన మల్లెపూలు అమ్మే ఆవిడ నన్ను చూసి చూసి, “ఎక్కడికెళ్ళాలమ్మా నువ్వు?” అంది.

అడక్కూడదంది గానీ చెప్పకూడదనలేదు గదా అనుకుని, “బందరు” అన్నాను.

“అయ్యో రామ! ఇందాకటి నుంచీ మూడు బందరు బస్సులు నీ ముక్కు ముందు నుంచే పోయినియ్యి గదమ్మా!”

ఆ మూడింటి మీదా మచిలీపట్నం అని రాసి ఉంది. నాలుగోది ఆవిడ చూపిస్తే ఎక్కాను. మేం పుట్టినప్పటి నుంచీ ఆ ఊరిని బందరు అనే అన్నాం. బస్సు మీద వేరే పేరు రాస్తారని నాకే కాదు, నేర్పిన పిల్లకూ తోచలేదు. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తే అది స్తంభానికి చేరగిలబడి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. తర్వాత చప్పున ఆగి, “మరి తిరిగెట్టా వచ్చావు?” అంది.

“బందరు స్టాండులో అవనిగడ్డ అని చదివి ఎక్కాను. ఎవర్నీ అడగలేదు.”

“అయితే గెలిచినట్టే,” అంది. వెంటనే సుద్దముక్క తీసి మచిలీపట్నం రాసింది. ఆ చివరి అక్షరం దగ్గర నా చెయ్యి తిరగక చాలా రోజులు ఏడిపించింది. ఊళ్ళో కొన్నాళ్ళు నన్ను బందరు పెద్దమ్మ అని పిలిచారు. కానీ తల్లులు మాట మీద నిలబడ్డారు. పిల్లల్ని గుడివాడ పంపిస్తామన్నారు.

కార్తీకం వచ్చింది. ఆ సాయంత్రం జడ ఎప్పుడూ దిగనంత కిందికి దిగింది. నున్నగా, పాము కుబుసంలా, ఎనిమిది రంగులూ పలకలు పలకలుగా పడ్డాయి. ఇక వెనక్కి తిరిగి విప్పుదాం అనుకుంటుండగా వాన అడ్డంగా కొట్టింది. కరెంటు పోయింది. ఇళ్ళ అరుగుల మీది నుంచి తల్లులు పేర్లు పెట్టి కేకలు. రేపు బడికి సెలవే గదా, పొద్దున్నే వచ్చి విప్పుదాం అని పిల్లలన్నారు. పాయలు జారిపోకుండా ఎవరి చివర వాళ్ళు దగ్గరున్న స్తంభానికి ముడేశారు. ఆ పిల్ల తనది నా అక్షరాల స్తంభానికి కట్టి, తల మీద గోతం కప్పుకుని పరుగెత్తింది.

తెల్లవారాక షెల్టరుకు వచ్చే ముందు గేదెకు గడ్డి కోసుకురమ్మని ఆ పిల్లను తల్లి పంపింది. వానకు గట్లన్నీ తడిసి ఉన్నాయి. కాలవ గట్టు మీద గడ్డి కోసం చెయ్యి పెట్టిన చోట పాము ఉంది.

మా వైపు ఇది కొత్త సంగతి కాదు. ముందు పసరు పోయించారు. ఆ తర్వాత ఆటో దొరికింది. తల్లి కాళ్ళు పట్టుకుంది, తల నా ఒళ్ళో ఉంది. దారిలో కాసేపు మాట్లాడింది. నిద్రొస్తోంది పెద్దమ్మా అంది. నిద్రపోవద్దే అని చెంపల మీద తడుతూనే ఉన్నాను. రోడ్డు పక్కన పచ్చ బోర్డు మీద అవనిగడ్డ అని కనిపించింది. చదివాను. చదివి, తల దించి చూశాను. ఆ పిల్ల లేదు.

దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఆ తర్వాత షెల్టరు వైపు ఎవరూ రాలేదు. ఆ జడ, దాని కింద స్తంభాలకు కట్టిన పాయలు అలాగే ఉండిపోయాయి. మేకలు వాటి కింద నుంచి దూరి పోయేవి. జడ విప్పకుండా వదిలేస్తే ఇట్టాగే అవుద్దని ఊళ్ళో అనుకున్నారు. నా మొహం మీద అన్నవాళ్ళు తక్కువే. కానీ నీళ్ళ దగ్గర నేను రాగానే మాట ఆగిపోయేది. మిగిలిన ఏడుగురు పిల్లలూ నన్ను చూస్తే తల దించుకుని పక్క సందులోకి తిరిగేవాళ్ళు. వాళ్ళ తప్పు కాదు, ఇళ్ళలో కట్టడి చేశారు.

పెద్దకర్మ అయ్యాక ఒక సాయంత్రం నేను షెల్టరు మెట్ల మీద కూర్చుంటే ఆ పిల్ల తల్లి వచ్చింది. నా పక్కన కూర్చుంది. చాలాసేపు జడ వైపే చూసింది.

“అక్కా, ఆ పచ్చది నాకిస్తావా?”

“నీదే గదే. ఇప్పుడే విప్పి ఇస్తాను,” అని లేచాను. నియమమూ లేదు, ఏమీ లేదు, చేత్తో విప్పి ఇచ్చేద్దామనే అనుకున్నాను.

చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. “చేత్తో వద్దు. అది అడుగేసుకుంటా అల్లింది. ఇంటికాడ వాకిట్లో కూడా ఆ అడుగులే వేసేది. ఆ అడుగులు పూర్తయి రావాలి. తెగ్గొట్టొద్దు, చేత్తో లాగొద్దు.”

“పిల్లలు రావటం లేదే.”

“వస్తారేమో అడుగు.”

“జడ వల్లే అంటున్నారు…”

“నేనూ విన్నా. జడకీ పాముకీ ఏంటక్కా సంబంధం?” అంది. మళ్ళీ తనే, “గడ్డికి పంపింది నేను,” అంది.

ఇద్దరం చీకటి పడేదాకా కూర్చున్నాం.

ఆ తర్వాత కొద్ది రోజులకే తలారి వచ్చాడు. “అక్కా, ఓట్ల పెట్టెలు ఇక్కడే పెడతారంట. ఎల్లుండి సున్నం. ఆ తాడు నువ్వు తీసేస్తావా, నన్ను కోసెయ్యమంటావా?”

“ఎల్లుండి మధ్యాహ్నం దాకా ఆగు తమ్ముడూ.”

“నేనాగుతా. సున్నం కలిపినోళ్ళు ఆగుతారా?”

ఆ సాయంత్రమూ మర్నాడూ ఏడు గుమ్మాలూ ఎక్కాను. ఒక ఇంట్లో మంచినీళ్ళిచ్చి మాట మార్చారు. ఒక ఇంట్లో పిల్లకు జ్వరమన్నారు, ఆ పిల్ల పెరట్లో అంట్లు తోముతూ కనిపించింది. నన్ను ఏలూరులో దించుతావని వేళాకోళం చేసిన ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“పోయిన దాని పాయ పక్కన మా పిల్లని నిలబెట్టమంటావా? నీకు పిల్లలుంటే ఆ మాట అనేదానివి కాదు.”

ఆవిడ వెనక తలుపు సందులోంచి పిల్ల నన్నే చూస్తోంది. వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ మాట చాలా దూరం నా వెంట నడిచింది.

సున్నం వేసే రోజు వచ్చింది. మధ్యాహ్నానికి నేనూ తల్లీ షెల్టరు కింద కూర్చున్నాం. అవతల డ్రమ్ములో సున్నం కలుపుతున్నారు. తలారి రెండుసార్లు వచ్చి నా మొహం చూసి వెళ్ళాడు. మూడోసారి వస్తే ఇక కోసేయమనే చెప్పాలి. అప్పుడు తల్లి మొహం ఎలా చూడాలా అని ఆలోచిస్తున్నాను.

బడి వైపు నుంచి ఒక పిల్ల వచ్చింది. పుస్తకాల సంచీ మెట్ల మీద పెట్టి, అందులోంచి కోలాటం కర్ర తీసింది. దాని వెనక ఇంకో ఇద్దరు. బడి మానేసిన ఇద్దరు పిల్లలు చేలగట్టు మీద నుంచి వచ్చారు. చివరికి ఏడుగురూ వచ్చారు. పొద్దున బడి దగ్గర కలుసుకుని వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారట.

“ఇంట్లో చెప్పొచ్చారా?” అన్నాను.

“చెప్తే రానిస్తారా పెద్దమ్మా?” అంది తలుపు సందులోంచి చూసిన పిల్ల.

ఎవరి పాయ వాళ్ళు స్తంభాల నుంచి విప్పుకుని చేతికి చుట్టుకున్నారు. మావిడాకు రంగుది అక్షరాల స్తంభానికి అలాగే ఉంది. ఎవరూ దాని వైపు చూడలేదు. ఎనిమిదో మనిషి లేకపోతే జడ విడదు. నేను లేచాను. పాట ఎవరు పాడతారు, అడుగు ఎవరు చెప్తారు అనుకుంటూనే లేచాను. నాకంటే ముందు తల్లి లేచింది. ముడి విప్పి పాయ చేతిలోకి తీసుకుంది.

“ఎటు తిరగాలే?” అని పిల్లల్ని అడిగింది.

ఆ మనిషి జన్మలో కోలాటం ఆడలేదు. పాడుతూ మొదలుపెట్టాను. తల్లి ఎదురొచ్చిన పిల్లకు తగిలి ఆగిపోయింది.

“పిన్నీ, నాకు లోపల్నించి రా. తల దించు. ఆ. ఇప్పుడు దానికి బయట్నించి పో.”

“ఇట్టానా?”

“ఇట్టాగే. పాయ పైకెత్తు పిన్నీ, మెడకి చుట్టుకునిద్ది!”

రెండు చుట్లు సాగింది, మూడో చుట్టులో చిక్కు పడింది. ఆపి, ఒక్కో అడుగూ ముందుకు వేసి చిక్కు వదిలించి, మళ్ళీ వెనక్కి తిరిగాం. మళ్ళీ చిక్కు. మళ్ళీ ఆపాం. సున్నం వాళ్ళు బీడీలు వెలిగించుకుని చూస్తూ కూర్చున్నారు. ఎవరో చెప్పినట్టున్నారు, ఇళ్ళ వైపు నుంచి తల్లులు కొంగులు దోపుకుని వస్తున్నారు. గుమ్మానికి అడ్డం నిలబడిన ఆవిడ అందరికంటే ముందుంది. ఇక అయిపోయిందనుకున్నాను. అయినా పాట ఆపలేదు.

ఆవిడ వచ్చి షెల్టరు అంచున నిలబడింది. పాయ పట్టుకుని తిరుగుతున్నది ఎవరో చూసింది. అంతలో వాళ్ళ పిల్ల తల్లిని చూసి బెదిరి అడుగు తప్పింది.

“ఒసేయ్, అటు కాదే, ఇటు! పిన్నికి లోపల్నించి!” అని కేకేసింది ఆవిడ.

మిగతా తల్లులూ వచ్చి ఆవిడ పక్కనే నిలబడ్డారు.

జడ పైకి పోతూ ఉంది. వానకు తడిసి ఆరిన గుడ్డ కదా, చివర్లో బిగుసుకుపోయి అడుగడుక్కీ ఆగి కర్రలతో మెల్లగా కదపాల్సి వచ్చింది. చివరి చుట్టు తిరిగేసరికి ఎనిమిది పాయలూ విడివిడిగా కిందికి జారాయి. పిల్లలు ఎప్పుడూ ఆ సమయంలో కేరింతలు కొడతారు. ఆ రోజు ఊరికే నిలబడ్డారు. తల్లి పాయ వదలకుండా తలెత్తి కొక్కెం వైపు చూస్తూ ఉంది. తలారి ఒక ఖాళీ డ్రమ్ము బోర్లించి ఎక్కి, పచ్చదాని ముడి చేత్తో విప్పి, జాగ్రత్తగా ఆవిడ చేతిలోకి జారవిడిచాడు.

సాయంత్రానికి స్తంభాలన్నీ తెల్లబడ్డాయి. నా అక్షరాల స్తంభం కూడా.

ఆ చలికాలం సభకు మేం వెళ్ళలేదు. మరుసటి ఏడు వెళ్ళాం. జడ కట్టలేదు. మామూలు కోలాటమే ఆడారు, ఎనిమిదో మనిషిగా నేను నిలబడ్డాను. తల్లులు ఎవరు తీసుకెళ్తారని అడగలేదు. అవనిగడ్డ స్టాండులో నేను తలెత్తి మచిలీపట్నం అని చదివితే, “ఎక్కుదామా పెద్దమ్మా, మూడు బస్సులు పోనిద్దామా?” అంది ఒక పిల్ల. అందరం నవ్వాం. బస్సెక్కాక ఎవరికి వాళ్ళం కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం. ఆ పిల్ల ఉంటే ఈ మాట అదే అనేది.

నాకేమొచ్చిద్దని అడిగిన ఆవిడకు ఇప్పుడైతే వేరే జవాబు చెప్పగలను. ఇది రాస్తున్న చెయ్యి ఆ పిల్ల తిప్పిన చెయ్యే. కానీ ఆ జవాబు చెప్పేటప్పుడు నవ్వు రాదు. దొరికినదాన్ని తలుచుకున్నప్పుడల్లా ఇచ్చిన పిల్ల గుర్తుకొస్తుంది.

గుడివాడ నుంచి తిరిగొచ్చిన రోజు కోతలు సాగుతున్నాయి. బస్సు దిగి చేలగట్టు మీద నడిచి వస్తుంటే ఆ తల్లి చేలో ఉంది. నడుముకు మావిడాకు రంగు పాయ బిగించి కట్టుకుంది. ఎన్నిసార్లు ఉతికినా జడ పలకలు పడ్డ చోట ఆ ముడతలు పోలేదు. మమ్మల్ని చూసి నిలబడింది.

“రైలు చూశారా?”

“ఎక్కాం కూడా పిన్నీ!”

“ఎంత పొడుగుంది?”

“మన బస్సాగే కాణ్ణించి షెల్టరు దాకా ఉంటది,” అంది ఒకతి.

“ఛ, అంతేనా? కాలవ వంతెన దాకా!” అంది ఇంకొకతి. ఇద్దరూ అక్కడే పోట్లాటకు దిగారు.

తల్లి అంతా విన్నది. కొడవలి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

“అదుంటే ఎక్కడ కూర్చునేది?” అంది.

నన్ను ఏలూరులో దించుతావన్న ఆవిడ కూతురే అంది: “కిటికీ పక్కన పిన్నీ. ఇంకెవర్నీ కూర్చోనిచ్చేది కాదు.”

“ఆ, దానికి అదే బుద్ధి,” అంది తల్లి. వంగి మళ్ళీ కోతలో పడింది.